బహుమతులు లేని పరుగు

కెనడా దేశంలో బళ్ళు తెరిచేది సెప్టెంబరు నెలలో. తెరిచిన కొద్దివారాలకే ఒకనాడు పిల్లలంతా పుస్తకాలు మూసి, బూట్ల తాళ్ళు బిగించుకుని ఆటస్థలంలోకి వచ్చి నిలబడతారు. ఐదేళ్ళ పసివాళ్ళ దగ్గరనుంచి మీసాలు మొలిచిన పై తరగతుల కుర్రాళ్ళదాకా అందరూ పరుగెత్తుతారు. పరుగెత్తలేనివాళ్ళు నడుస్తారు. నడవలేనివాళ్ళని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోటిపిల్లలు నెట్టుకుపోతారు. తీరా అంతా అయ్యాక చూస్తే మొదట వచ్చిందెవరో ఎవరూ రాసుకోరు. కప్పు లేదు, పతకం లేదు. పరుగుపందెమంటే గెలిచేవాడూ ఓడేవాడూ ఉండాలి గదా, ఇదేం పందెమమ్మా అనుకుంటున్నారా? ఇది పందెం కాదు లెండి. దీనికి టెర్రీ ఫాక్స్ పరుగని పేరు.

కాన్సరు జబ్బుమీద పరిశోధనకి డబ్బు పోగుచెయ్యడం, ఆ జబ్బు గురించి నలుగురూ నోరు విప్పి మాట్లాడుకునేలా చెయ్యడం, ఈ రెండూ ఈ పరుగు పెట్టుకున్న పనులు. మొదటిదానికి లెక్కలున్నాయి, చెబుతాను. రెండోదానికి లెక్కల్లేవు. అయినా నా మటుకు నాకు రెండోదే పెద్దపనిగా కనిపిస్తుంది. మన ఇళ్ళల్లో ఆ జబ్బుని రాచపుండు అనేవారు. అనేవారన్నమాటే గాని గట్టిగా అనేవారు కాదు. పిల్లల్ని బయటికి పంపి, తలుపు ఓరగా వేసి, చెవిలో చెప్పుకునేవారు. రోగికి చెప్పకూడదు, ఆడపిల్ల సంబంధాలు చెడిపోతాయి, పక్కింటివాళ్ళకి తెలియకూడదు. ఇంగ్లీషుపేరు వచ్చాక కూడా ఆ గుసగుస పోలేదు. అటువంటి మాటని బళ్ళో పిల్లలచేత మైకులో పలికించడం ఏ దేశంలోనైనా చిన్న విషయం కాదు. అక్కడ మాత్రం ఆ గుసగుస లేదనుకున్నారేమిటి? 1970లలో ఆ దేశపు ఆస్పత్రుల్లోనూ బంధువులు ఆ మాట మింగేవారు.

డబ్బు కోసం పిల్లల్ని నడిపించడం టెర్రీ ఫాక్స్‌తో మొదలయిన ఆచారం కాదు. కెనడా సమాఖ్య ఏర్పడి నూరేళ్ళు నిండిన 1967లో ‘మైల్స్ ఫర్ మిలియన్స్’ అనే నడకలు మొదలయ్యాయి. బీదదేశాల్లో ఆకలితో ఉన్నవాళ్ళకి సాయం చెయ్యాలని వాటి ఉద్దేశం. నడిచేవాళ్ళలో ఎక్కువమంది బడిపిల్లలూ, కాలేజీ కుర్రకారూను. ముందుగా ఒక కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ‘నేను ఎన్ని మైళ్ళు నడిస్తే మైలుకి ఇంత చొప్పున ఇవ్వండి’ అని సంతకాలు పెట్టించుకునేవారు. ఒక్కోచోట ముప్ఫై మైళ్ళ పైచిలుకు దారి. పాదాలు పొక్కులెక్కి కుంటుతూ ఇంటికి చేరి, మర్నాడు మళ్ళీ అదే కాగితం పట్టుకుని డబ్బు వసూలుకి బయలుదేరేవారు. మైళ్ళు చూపించి చందా అడగడం, ఆ అడిగే పని పెద్దలకి వదలక పిల్లలే చేసుకోవడం అలా అలవాటయింది. ఆ అలవాటుకి ఒక ముఖమూ, ఒక నియమమూ ఇచ్చినవాడు టెర్రీ.

టెర్రీ 1958 జూలై 28న విన్నిపెగ్ నగరంలో పుట్టాడు. తండ్రి రోలీ రైల్వేలో పనిచేసేవాడు. తల్లి పేరు బెటీ. నలుగురు పిల్లల్లో ఇతడు రెండోవాడు. తరవాత కుటుంబం పడమటి సముద్రం వైపున్న బ్రిటిష్ కొలంబియాలో పోర్ట్ కొక్విట్లమ్ అనే ఊళ్ళో స్థిరపడింది. ఎనిమిదో తరగతిలో ఈ అబ్బాయి ఎత్తు ఐదడుగులే. మనసేమో బాస్కెట్‌బాల్ మీద. నీకు ఆ ఆట రాదు, దూరపు పరుగులో చేరరా అని వ్యాయామం మేష్టారు చెప్పారు. మేష్టారి మాట విని పరుగూ నేర్చుకున్నాడు, తన మనసు విని బంతీ వదల్లేదు. ఆ ఏడాది మొత్తంమీద అతన్ని ఆటలోకి దింపింది ఒక్క నిమిషమేనట! డగ్ ఆల్వర్డ్ అనే స్నేహితుడితో కలిసి తెల్లవారకముందే లేచి సాధన చేశాడు. పన్నెండో తరగతికి వచ్చేసరికి బళ్ళో ఉత్తమ క్రీడాకారుడి బహుమతి ఆ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, గెలవడమంటే అతనికి చేదు కాదు. గెలవాలని ఒళ్ళు విరుచుకున్న కుర్రవాడే తన పేరున జరిగే పరుగులో గెలుపు ఉండకూడదనే మాటకి ఒప్పుకున్నాడు.

1976 నవంబరులో అతను నడుపుతున్న కారు మరో బండిని గుద్దింది. కుడిమోకాలు కొంచెం నొప్పిచేసింది. ఆటల రోజులు అయ్యేదాకా చూద్దామని ఆ నొప్పిని మూణ్ణాలుగు నెలలు దాచుకున్నాడు. 1977 మార్చిలో పరీక్ష చేయిస్తే ఎముకలో పుట్టే కాన్సరని తేలింది. దెబ్బ తగలబట్టే జబ్బు వచ్చిందని టెర్రీ నమ్మాడు. వైద్యులు ఆ మాట ఒప్పుకోరు. దెబ్బవల్ల కాన్సరు రాదు. దెబ్బని సాకుగా పెట్టుకుని నొప్పిని పట్టించుకోకపోవడంవల్ల ముప్పు వస్తుంది. ఈ రకం కాన్సరు ఎక్కువగా ఎదిగే వయసు పిల్లల్లోనే కనిపిస్తుంది, మోకాలి చుట్టుపక్కలే ఎక్కువ. ఆటలాడే పిల్లలకి మోకాళ్ళు నొప్పెట్టడం మామూలే, అందరికీ అదే జబ్బని బెంబేలు పడక్కర్లేదు. కాని వారాలు గడిచినా తగ్గని నొప్పి, రాత్రిళ్ళు నిద్ర లేపే నొప్పి, పైకి కనిపించే వాపు ఉంటే మాత్రం నూనె రాసి కట్టుకట్టి ఊరుకోకండి. డాక్టరుకి చూపించి ఎక్స్‌రే తీయించండి.

మోకాటికి ఆరంగుళాలు పైకి కాలు తీసేశారు. అప్పటికి అతని వయసు పద్ధెనిమిది. ఆపరేషనుకి ముందురోజు రాత్రి పాత బాస్కెట్‌బాల్ కోచ్ ఒకరు పత్రిక ఒకటి తెచ్చి చేతికిచ్చారు. అందులో కృత్రిమ కాలితో న్యూయార్కు మారథాన్ పూర్తిచేసిన డిక్ ట్రామ్ అనే ఆయన గురించి ఉంది. ఆ తరవాత పదహారు నెలలు మందుల చికిత్స. జుట్టు రాలిపోయింది, కడుపులో తిప్పడం, నీరసం. అవన్నీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒకటుంది: ఆ వార్డులో తనకన్నా చిన్నపిల్లలు బాధపడడం, చనిపోవడం. రెండేళ్ళ కిందటైతే తనలాంటి రోగి బతకడానికి నూటికి పదిహేను పాళ్ళే ఆశ అనీ, కొత్తమందులవల్ల ఇప్పుడది యాభైకి వచ్చిందనీ వైద్యులు అతనికి చెప్పారు. ఆ ముప్ఫై అయిదు పాళ్ళూ ఎక్కణ్ణుంచి వచ్చాయి? పరిశోధనలోనుంచి. పరిశోధన దేనివల్ల? డబ్బువల్ల. ఈ చిన్న లెక్క అతని బుర్రలో కూచుంది. పరుగుకి పునాది ఆ లెక్కే.

సాధన మొదలుపెట్టాడు. ఇంట్లోవాళ్ళకి మారథాన్ పందెం కోసమని చెప్పాడు. 1979 సెప్టెంబరులో ప్రిన్స్ జార్జ్ అనే ఊళ్ళో పదిహేడు మైళ్ళ పందెంలో పరుగెత్తి అందరికన్నా ఆఖరున వచ్చాడు. అతనికి ముందువాడు చేరి పది నిమిషాలయిందట. కాని అప్పటికీ గీత దగ్గర జనం కదలకుండా నిలబడి చప్పట్లు కొట్టారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నన్నడిగితే బళ్ళల్లో జరిగే ఆ పరుగుకి బీజం ఆ ఆఖరి స్థానంలోనే ఉంది.

ఇక తల్లితో చెప్పాల్సిన రోజు వచ్చింది. కెనడా ఈ కొసనుంచి ఆ కొసకి పరుగెత్తుతానన్నాడు. బెటీకి మతిపోయింది. నీకు పిచ్చి పట్టిందా అని కేకలేసింది. ఏ తల్లి మాత్రం అనదు? చావు దగ్గరిదాకా వెళ్ళివచ్చిన బిడ్డ, ఒక కాలు లేదు, కోతపడ్డ చోట కృత్రిమ కాలు రాపిడికి నెత్తురు కారుతుంది. తండ్రి మాత్రం ఒక్క ప్రశ్నే వేశాడు: ఎప్పుడు? మనం ఇటువంటి కథల్లో ఆ తండ్రిమాటని మెచ్చుకుని తల్లికేకలకి నవ్వేసి ఊరుకుంటాం. అది న్యాయం కాదనిపిస్తుంది నాకు. పద్నాలుగు నెలల సాధనలో ఒక దశలో నూటొక్క రోజులు వరసగా పరుగెత్తాడట. మధ్యలో ఒకే ఒకరోజు ఆగాడు. అది క్రిస్మసు పండుగనాడు, అమ్మ అడిగిందని. ఆ అడగటమూ ఆ వినటమూ లేకపోతే వాడు ఎక్కడ పుట్టినవాడు, ఎవరింటివాడు?

1979 అక్టోబరులో కెనడా కాన్సరు సంఘానికి ఉత్తరం రాశాడు. వాళ్ళు నమ్మీ నమ్మక, ముందు గుండె పరీక్ష చేయించుకుని డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మన్నారు, ఖర్చు ఇచ్చేవాళ్ళని నువ్వే చూసుకొమ్మన్నారు. చూసుకున్నాడు. ఒక కంపెనీ బండి ఇచ్చింది, ఒకటి బూట్లిచ్చింది, ఒకటి పెట్రోలు పోసింది. అయితే మా సరుకు బాగుందని ఓ మాట చెప్పవయ్యా అన్నవాళ్ళకి మాత్రం నమస్కారం పెట్టేశాడు. 1980 ఏప్రిల్ 12న తూర్పు కొసన సెయింట్ జాన్స్ ఊళ్ళో అట్లాంటిక్ సముద్రపు నీళ్ళల్లో కృత్రిమ కాలు ముంచి పరుగు మొదలుపెట్టాడు. రోజుకి ఇరవయ్యారు మైళ్ళు, అంటే రోజూ ఒక మారథాన్. డగ్ బండి నడిపేవాడు, వంట చేసేవాడు. తరవాత తమ్ముడు డారెల్ వచ్చి కలిశాడు.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. వానలో, మంచుగాలిలో, లారీలు పక్కనుంచి రాసుకుపోతుంటే పరుగెత్తాడు. పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న ఊరి జనాభా పదివేలు. వాళ్ళు పదివేల డాలర్లు పోగుచేసి ఇచ్చారు. తలకి ఒక డాలరు! అంతకుముందు పదిలక్షలు వస్తే చాలనుకున్నవాడు, అక్కడినుంచి కెనడాలో మనిషికో డాలరు చొప్పున రావాలని కోరుకున్నాడు. జూలైలో టొరంటో చేరేసరికి పదివేలమంది ఎదురొచ్చారు, ఒక్కరోజులో లక్ష డాలర్లు వచ్చాయి. అంటారియో రాష్ట్రంలోనే ఒకచోట, అదే జబ్బుతో కాలు పోగొట్టుకున్న పదేళ్ళ పిల్లవాడొకడు సైకిలు తొక్కుతూ అతని వెనకాలే వచ్చాడు. ఇద్దరూ కలిసి చెరువులో ఈతకొట్టారు. నూటనలభై మూడు రోజులు, 5,373 కిలోమీటర్లు. 1980 సెప్టెంబరు 1న థండర్ బే ఊరి పొలిమేరల్లో దగ్గు, గుండెల్లో నొప్పి వచ్చి ఆగిపోయాడు. జబ్బు ఊపిరితిత్తులకి పాకింది. ఆ వారంలోనే ఒక టీవీ సంస్థ ప్రత్యేక కార్యక్రమం పెడితే కోటి డాలర్లకి పైగా వచ్చాయి. 1981 ఫిబ్రవరికి మొత్తం రెండుకోట్ల నలభైయొక్క లక్షలు దాటింది. ఆ దేశపు జనాభా అప్పుడు దాదాపు అంతే. మనిషికో డాలరు అన్న కోరిక తీరింది. 1981 జూన్ 28న అతను కన్ను మూశాడు. ఇరవైమూడో పుట్టినరోజుకి సరిగ్గా నెల తక్కువ.

ఇంతటితో కథ అయిపోయి ఉండవచ్చు. విగ్రహం పెట్టి, దండవేసి, ఏటా ఒక ఉపన్యాసం చెప్పి ఊరుకుని ఉండవచ్చు. అలా కాకపోవడానికి కారణం ఇసడోర్ షార్ప్ అనే హోటళ్ళ యజమాని. ఆయన పదిహేడేళ్ళ కొడుకు 1978లో కాన్సరుతోనే పోయాడు. టెర్రీ ఆగిపోయిన మర్నాడే ఆయన తంతి పంపాడు: నీ పేరున ఏటేటా పరుగు జరిపిస్తాం, ఆ జబ్బుని ఓడించేదాకా ఆపం అని. టెర్రీ ఆస్పత్రి మంచంమీదే ఒప్పుకున్నాడు. పరుగులో పోటీ ఉండకూడదు, గెలిచినవాళ్ళుండకూడదు, బహుమతులుండకూడదు అని నిర్ణయమయింది. మొదటి పరుగు 1981 సెప్టెంబరు 13న జరిగింది. మూడులక్షలమంది వచ్చారు, ముప్ఫై అయిదు లక్షల డాలర్లు పోగయ్యాయి. ప్రవేశరుసుము లేదు, కనీసచందా లేదు, చొక్కాలమీద కంపెనీల పేర్లు లేవు. ఆ పద్ధతి అలాగే సాగింది. 1988లో ఈ పని చూసే సంస్థ కాన్సరు సంఘంనుంచి విడివడి సొంతకాళ్ళమీద నిలబడింది.

బళ్ళు ఈ పరుగుని అందిపుచ్చుకోవడంలో ఆశ్చర్యమేముంది? పోటీలేని ఆటకి బడికన్నా తగిన చోటు లేదు. మామూలు ఆటలపండుగ తలుచుకోండి. ప్రతి తరగతిలోనూ బాగా పరుగెత్తే నలుగురైదుగురే వరసలో ఉంటారు. మిగతా ముప్ఫైమంది ఎండలో కూచుని వాళ్ళకి చప్పట్లు కొడతారు. లావుపాటి పిల్ల, ఉబ్బసమున్న పిల్లవాడు, సోడాబుడ్డి కళ్ళద్దాలవాడు ఆ రోజుకి కడుపునొప్పని చెప్పి ఇంట్లో ఉండిపోతారు. ఇక్కడ అలా కాదు. ఒకవేళ ఆ బళ్ళో కాన్సరుకి మందు తింటున్న పిల్లే ఉందనుకోండి, తలకి టోపీ పెట్టుకుని ఆ పిల్లా వస్తుంది. పది అడుగులు నడిచినా ఆ రోజుకి ఆ పిల్ల పరుగెత్తినట్టే లెక్క.

ఈ పనంతా చాలా బళ్ళలో పై తరగతుల విద్యార్థులే నెత్తిన వేసుకుంటారు. వారం ముందునుంచి పొద్దున్నే మైకులో టెర్రీ కథ రోజుకింత చొప్పున చదివి వినిపిస్తారు. దారికి సుద్దముక్కతో గుర్తులు పెడతారు. మంచినీళ్ళ బల్లలు వేస్తారు, మలుపుల దగ్గర నిలబడి చిన్నపిల్లల్ని సరైన దోవ పట్టిస్తారు. గోడకి పెద్ద థర్మామీటరు బొమ్మ అంటించి, డబ్బు చేరినకొద్దీ ఎర్రరంగు పైకి పూస్తారు. చిన్నతరగతుల్లో పిల్లకొక రెండు డాలర్ల నాణెం తెమ్మంటారు. తేలేనివాణ్ణి ఎందుకు తేలేదని అడగకూడదు. అనుకున్న మొత్తం వస్తే ఫలానా మేష్టారు గుండు చేయించుకుంటారనో, హెడ్మాష్టరుగారి ముఖాన మీగడ కొట్టవచ్చుననో పందెం కాసే బళ్ళు కూడా ఉన్నాయి. మనవాళ్ళు గురువుగారికి గుండేమిటి, అపచారం అంటారేమో! నాకైతే ముచ్చటగానే ఉంది. మందువల్ల జుట్టు రాలిన పిల్ల ఉన్న బళ్ళో మేష్టారు గుండుతో నిలబడితే ఆ పిల్లకి ఎంత ధైర్యమో ఆలోచించండి.

ఐదేళ్ళ పసివాళ్ళకి కాన్సరనీ, కాలు తీసేశారనీ, చనిపోయాడనీ చెప్పడమేమిటి, భయపడరూ అని అడిగేవారున్నారు. సబబైన ప్రశ్నే. కాని పిల్లలకి భయం పుట్టించేది తెలిసిన సంగతి కాదు, తలుపు ఓరగా వేసి చెప్పుకునే సంగతి. ముట్టుకుంటే మనకీ అంటుకుంటుందా, అమ్మమీద నేను అలిగినందువల్ల అమ్మకి వచ్చిందా, ఇటువంటి ప్రశ్నలు పిల్లల కడుపులో తిరుగుతుంటాయి. అంటుకోదమ్మా, నీవల్ల రాలేదమ్మా అని ఒక టీచరు అందరి ఎదుటా చెబితే ఆ ఒక్క పిల్ల ఆ రాత్రి నిద్రపోతుంది.

కేకలేసిన ఆ తల్లి సంగతి చెప్పాలి. కొడుకు పోయాక బెటీ ఫాక్స్ ఇంట్లో కూచోలేదు. దేశమంతా తిరిగి బళ్ళల్లో పిల్లలకి కొడుకు కథ ఆవిడే చెప్పింది. నిలువెత్తు విగ్రహంగా కాక, అలిగేవాడు, మొండివాడు, అన్నదమ్ములతో కొట్లాడేవాడు అన్నట్టుగా చెప్పింది. అతని పేరు వాడుకుని సరుకులమ్ముకుందామని వచ్చినవాళ్ళని ఆవిడ దగ్గరికి రానివ్వలేదు. కొడుకు పెట్టిన నియమాలకి ముప్ఫైయేళ్ళపాటు కాపలా ఉన్నది ఆ తల్లి. 2010లో వాంకూవరు శీతకాలపు ఒలింపిక్సు ప్రారంభంనాడు ఒలింపిక్ జెండా మోసినవారిలో ఆవిడా ఒకరు. 2011 జూన్ 17న చనిపోయింది.

ఇక లెక్కలు. అన్నేళ్ళల్లో పోగయినది 85 కోట్ల డాలర్లు దాటింది. 2007లో అతని పేరున పరిశోధనా సంస్థ ఏర్పడింది. టెర్రీకి వచ్చిన జబ్బునే తీసుకుంటే, కాలు తీసేయడం తప్ప మరో చికిత్స లేని కాలంలో నూటికి ఇరవైమంది కూడా దక్కేవారు కాదు. జబ్బు ఒళ్ళంతా పాకకముందే పట్టుకుంటే ఇప్పుడు మూడింట రెండువంతులమంది దక్కుతున్నారు. చాలామందికి కాలు తియ్యకుండానే, పాడయిన ఎముకని మాత్రం తీసి లోపల లోహపు కడ్డీ అమర్చి నడిపిస్తున్నారు. ఇదంతా ఆ పరుగువల్లే అనను, ఎన్నో దేశాల వైద్యుల శ్రమ ఉంది. పిల్లల రెండు డాలర్ల నాణేలు కూడా అందులో ఉన్నాయి.

ఇతర దేశాల్లో జరిగే టెర్రీ ఫాక్స్ పరుగుల్లో వచ్చిన డబ్బు ఆ దేశంలో పరిశోధనకే వెళ్ళాలని నియమం. మన దేశంలోనూ జరిగాయి. చెన్నైలో ఐఐటి ఆవరణలో విద్యార్థులు జరిపారు. ఆ చెన్నైకి ఇందులో ఇంకో పాత చుట్టరికం ఉంది. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డిగారు సొంత చెల్లెలు కాన్సరుతో పోవడం కళ్ళారా చూసి, కాన్సరుకి వేరే ఆస్పత్రి కావాలని ఏళ్ళతరబడి అడిగారు. అక్కర్లేదన్నారు ప్రభుత్వంలో పెద్దలు. ఆవిడ ఆడవాళ్ళ సంఘం తరఫున చందాలు పోగుచేశారు. 1952లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1954లో పన్నెండు పడకలతో అడయారు కాన్సరు ఇన్‌స్టిట్యూట్ మొదలయింది. మరుసటి ఏడే హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట కాన్సరు ఆస్పత్రి వచ్చింది. నెల్లూరునుంచీ, చిత్తూరునుంచీ, కడపనుంచీ ఎంతమంది ఆడవాళ్ళు అడయారుకి రైలెక్కారో! ఎక్కడికని ఎవరైనా అడిగితే, చుట్టాలింటికని చెప్పి వెళ్ళినవాళ్ళు కూడా వాళ్ళల్లో ఉండే ఉంటారు.

కెనడాలో మన తెలుగువాళ్ళ పిల్లలూ ఆ బళ్ళల్లోనే చదువుకుంటున్నారు. పరుగురోజున పిల్లలందరి చొక్కాకీ ఒక చిన్నకాగితం అంటిస్తారు. ‘టెర్రీ నాకోసం పరుగెత్తాడు’ అని దానిమీద అచ్చువేసి ఉంటుంది. దానికింద ‘నేను ఎవరికోసం పరుగెత్తుతున్నానంటే’ అని ఉండి, పేరు రాసుకోడానికి ఖాళీ గీత ఉంటుంది. ముందురోజు సాయంత్రమే ఆ కాగితం ఇంటికి తెచ్చుకున్న పిల్ల వంటింట్లోకి వచ్చి, ఇందులో ఎవరి పేరు రాయాలమ్మా, మనింట్లో ఎవరికైనా వచ్చిందా అని అడుగుతుంది. తాతయ్యకో, మేనత్తకో, ఊళ్ళో అమ్మమ్మకో వచ్చే ఉంటుంది, పిల్లకి చెప్పి ఉండరు. స్టవ్వు తగ్గించి, ఆ పేరేదో ఆ తల్లి చెప్పాలి.